రాత్రి లేని చోటు నుంచి విద్యుత్తు

వేసవి వచ్చిందంటే మా పల్నాడు వార్తలకెక్కుతుంది. రాష్ట్రంలోని తీవ్రమైన ఎండల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినవలసిందే. అల్లాహ్ ఇంత ఎండను ప్రసాదించినా, మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి మా మేడ మీది సోలార్ పలకలు పని ముగించుకుంటాయి. సహెరీకి లేచే వేళ కరెంటు పోతే అవి అక్కరకు రావు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి సౌరవిద్యుత్ ఉపగ్రహాన్ని ప్రాజెక్టుగా ఎంచుకోవడానికి కారణం ఇదే. "రాత్రి లేని చోట పలకలు పెడితే సరి కదా, దాదా!" అన్నది మా నాన్నగారితో.

1968లో పీటర్ గ్లేజర్ అనే అమెరికా ఇంజనీరు ప్రతిపాదించిన ఆలోచన ఇది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరిగే కక్ష్యలో మబ్బు ఉండదు. విషువత్తుల రోజుల్లో అర్ధరాత్రి వేళ గంటకు కొంచెం పైగా భూమి నీడ పడడం తప్ప చీకటీ ఉండదు. అక్కడ పట్టిన విద్యుత్తును మైక్రోతరంగాలుగా మార్చి నేలకు పంపాలి. కింద తీగల వల వంటి యాంటెన్నా దానిని మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. 2010లో అబ్దుల్ కలామ్ గారు కూడా అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో కలిసి ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు.

అంతా విన్న నాన్నగారు ఒక్కటే అడిగారు: "ఆ కిరణం దిగేది ఎవరి చేలో, బేటీ?"

మాకు ఆ ప్రశ్నే అసలుదనిపించింది. 1970లలో నాసా వేసిన నమూనాలో ఒక్కో ఉపగ్రహం 5,000 మెగావాట్లు ఇస్తుంది. అంటే నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యానికి ఆరు రెట్లు. కానీ అంత దూరం వచ్చేసరికి కిరణం విచ్చుకుంటుంది. ఆకాశంలో ఒక కిలోమీటరు యాంటెన్నా ఉంటే, నేల మీద 10 కిలోమీటర్ల వెడల్పు, 13 కిలోమీటర్ల పొడవు గల అండాకారపు స్థలం కావాలి. ఎకరాల్లో పాతిక వేలు! పైనున్న యాంటెన్నాను రెట్టింపు చేస్తే కింది వెడల్పు సగమవుతుంది గాని, కిరణం తీవ్రత నాలుగింతలవుతుంది. ఆ నమూనాలో కిరణం నడిమధ్య తీవ్రత మిట్టమధ్యాహ్నపు ఎండలో నాలుగో వంతు లోపే. ఆ నిదానానికి మూల్యం భూమే.

వల గుండా ఎండ దిగుతుంది కనుక కింద పంట వేయవచ్చునని అమ్మాయి సర్దిచెప్పబోయింది. "ఆ తీగల కింద మిరపకాయ కోయడానికి కూలీలు వస్తారా?" అన్నారు నాన్నగారు. దానికి ఏ పుస్తకంలోనూ ఆమెకు జవాబు దొరకలేదు.

బరువు సంగతి మరొకటి. ఆ నమూనా ఉపగ్రహం ముప్పై వేల టన్నుల పైమాటే. శ్రీహరికోట నుంచి మన ఎల్‌వీఎం3 ఆ కక్ష్య దారిలోకి చేర్చగలిగేది నాలుగు టన్నుల పైచిలుకు. 2023లో కాల్‌టెక్ శాస్త్రవేత్తలు అంతరిక్షంలో తీగ లేకుండా విద్యుత్తును పంపి, రెండు చిన్న దీపాలు వెలిగించారు. ఆ దూరం ఒక అడుగు.

అమ్మాయి మాత్రం పట్టు వదలలేదు. గురజాల, మాచర్ల వైపు సాగుకు రాని నాపరాతి నేలలను ఇప్పుడు పటంలో గుర్తిస్తున్నది. ఊరు గాని, చేను గాని, కబరస్తాన్ గాని అడ్డురాని పదమూడు కిలోమీటర్ల ముక్క ఇంకా దొరకలేదు.