మైకు ఎవరి చేతిలో ఉంది?



ఈసారి ఒక ఆల్బమ్ గురించి రాస్తున్నా. పేరు ‘ద మకరాటా ప్రాజెక్ట్’. చేసింది మిడ్‌నైట్ ఆయిల్ అనే ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్. 1970లలో సిడ్నీలో మొదలైన బ్యాండ్ ఇది, మెంబర్లంతా తెల్లవాళ్ళే. 2020 అక్టోబర్‌లో ఈ ఆల్బమ్ వచ్చేసరికి వాళ్ళు తాతల వయసుకి వచ్చేశారు. ఉన్నవి ఏడే పాటలు. అయినా మనం ఎందుకు వినాలో చెప్తా.

ఆదివాసుల గురించి పాడటం వీళ్ళకి కొత్త కాదు. 1986లో వరుంపీ బ్యాండ్ అనే ఆదివాసీ బ్యాండ్‌తో కలిసి మారుమూల ఎడారి ఊళ్ళు తిరిగి కచేరీలు చేశారు. మరుసటి ఏడాది ‘డీజిల్ అండ్ డస్ట్’ ఆల్బమ్ తెచ్చారు. అందులోని ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ పాట ప్రపంచమంతా మోగింది. ఎడారిలోని సొంత నేల వదిలి సెటిల్‌మెంట్లకి తరలిపోయిన పింటుపీ జనానికి ఆ భూమి తిరిగి ఇవ్వాలి అన్నదే ఆ పాట. పోలవరం ముంపు ఊళ్ళ వాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మంచి పాటే. కానీ బాధ పింటుపీలది, వినిపించే గొంతు మాత్రం పీటర్ గారెట్‌ది. ‘మకరాటా’లో మారింది ఇదే. ఏడు పాటల్లోనూ ఆదివాసీ గొంతులు ఉన్నాయి, ఎవరు పాడారో పేర్లతో సహా ఉంది. సిడ్నీ నగరం ఉన్న నేల గాడిగల్ తెగది. ఆ నేల మీద పాటలో జోయెల్ డేవిసన్ అనే గాడిగల్ కవి తన భాషలోనే మాట్లాడతాడు. జనవరి 26 మనకి రిపబ్లిక్ డే. అక్కడ అది 1788లో బ్రిటిష్ జెండా పాతిన రోజు. ఆ రోజున దేశం పండగ చేసుకోవద్దు అనే పాటలో, 2017లో చనిపోయిన యోల్ంగు గాయకుడు గురుముల్ గొంతు వినిపిస్తుంది. వరుంపీ బ్యాండ్ పెట్టినవాళ్ళలో ఒకరైన సామీ బుచర్ కూడా ఇందులో ఉన్నాడు. ‘మకరాటా’ కూడా యోల్ంగు మాటే. గొడవ తర్వాత న్యాయం తేల్చుకుని మళ్ళీ కలవడం అని అర్థం.

చివర్లో 2017 నాటి ఉలూరు ప్రకటనను ఆదివాసీ ప్రముఖులే చదివి వినిపిస్తారు. పార్లమెంటుకి మా మాట చేరేలా రాజ్యాంగంలో మాకో గొంతు కావాలని అడిగిన ప్రకటన అది. దాన్ని జనంలోకి తీసుకెళ్ళే సంస్థలకే బ్యాండ్ తన వాటా డబ్బులు ఇస్తామంది.

ఆల్బమ్ ఆస్ట్రేలియాలో నంబర్ వన్ అయింది. మూడేళ్ళకి, 2023 అక్టోబర్ 14న, అదే కోరిక మీద రిఫరెండం పెట్టారు. దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు. అక్కడ ఆదివాసులు జనాభాలో 4 శాతం కూడా లేరు. పాట కొనుక్కున్నంత తేలిగ్గా ఓటు పడదని తేలిపోయింది.

అయితే ఈ ఆల్బమ్ దండగా? నేను అలా అనుకోను. ఓటు ఓడినా గాడిగల్ మాట రికార్డులో ఉంది. ఆ తెగ పిల్లలు రేపు వింటారు.

మన దగ్గర చూడండి. పెద్ద సభ ఉందంటే థింసాకీ, గుస్సాడీకీ, కొమ్ము డాన్స్‌కీ మనవాళ్ళని పిలుస్తారు. ఫోటోలు తీస్తారు. ఆడినవాళ్ళ పేర్లు ఎవరూ చదవరు. మన గురించి మాట్లాడే మైకు వేరేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. వాళ్ళలో మంచివాళ్ళు లేరని కాదు. గారెట్ కూడా మంచివాడే, కానీ మైకు పక్కవాళ్ళకి అందించడానికి ఆ బ్యాండ్‌కే 30 ఏళ్ళు దాటింది.

అందుకే మన గురించి పాటో, డాక్యుమెంటరీనో తీస్తామని ఎవరైనా ఊరికి వస్తే ముందే అడుగుదాం. మాట్లాడేది ఎవరు? ఏ భాషలో? పేరు ఎవరిది పడుతుంది? డబ్బు ఎటు పోతుంది? అడిగితే కోపం వచ్చేవాళ్ళు ఎలాగూ మనకి అక్కర్లేదు. అడిగించుకుని కూడా కూర్చునేవాళ్ళతో కలిసి పాడదాం, కోయలోనో గోండీలోనో సవరలోనో.

జై ఆదివాసీ.