జాజితీగెకు కత్తిరింపు

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి "పుష్పవిలాపము"ను ఘంటసాలవారి కంఠమున వినిన తెలుగువారికి పూవును కోయుటకే చేయి వెనుకాడును. ఇక పూలతీగెనే కత్తిరింపుడనిన వినువారెవ్వరు? అయినను ఏటికొకసారి కత్తెర తాకని జాజితీగె క్రమముగా పూలు మానునని పాఠకమహాశయులకు మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిది. పటమున చూచినచో మూడు వైపుల ఆంధ్రదేశమే కానవచ్చును. మేము గుమాస్తాగా ఉద్యోగము చేసినన్నాళ్ళు పగలు కన్నడమున దస్త్రములు వ్రాసి, సాయంకాలము ఇంట తెలుగున ముచ్చటలాడితిమి. శనివారము నాడు శనిమహాత్ముని దేవాలయము చెంత పూలమ్మునామె ఒకరికి "మూర" అనియు, మరియొకరికి "మొళ" అనియు చెప్పి అదే మోచేతితో మాల కొలిచి యిచ్చును. మన మల్లె కన్నడిగులకు మల్లిగె. జాజి మాత్రము ఉభయులకును జాజియే.

మా సీమకు ఎండ సమృద్ధి, నీరు కరవు. తిరుమణి ప్రాంతమున 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది ఆ యెండ చలువ వలననే. బోరుబావులు లోతునకు పోయిన కొలది నీటిలో ఫ్లోరైడు బాధ. వేరుసెనగ రైతు ఆకాశము వంక చూచుటతోనే సగము జీవితము గడుపును. ఇట్టి చోట పెరటిలో పూలతీగెను పెంచుట యనగా ప్రతి చెంబు నీటికిని లెక్క చెప్పుకొనుటయే.

మల్లెకు వేసవి, జాజికి వర్షాకాలము ప్రీతి. జాజిమొగ్గ వెలుపల లేత ఎరుపుచాయ గలిగి, సంధ్యవేళ విచ్చుకొని తెల్లని పూవగును. ఈ పూలు ముదురు కొమ్మకు పూయవు. ఆ యేడు వచ్చిన క్రొత్త చిగురు కొసలయందే పూయును. కత్తిరింపునకు మూలకారణ మిదియే. విడిచిపెట్టిన తీగె పందిరిపై చిక్కులు పడి, లోపల వెలుతురు సోకక ఎండుపుల్లల గూడగును. ఉన్న నాలుగు పూలును చేతి కందని పైకొసలను పూచి అచటనే రాలును.

పుష్యమాసపు చలిలో, అనగా డిసెంబరు చివర, తీగె పూతమాని విశ్రమించును. అప్పుడు కొన్ని దినములు నీరు కట్టిపెట్టి కత్తెర పట్టవలెను. ఎండినవి, తెగులు తగిలినవి, ఒండొంటితో ఒరయునవి మొదట పోవలెను. తక్కిన వానిని కణుపునకు కొంచెము పైన ఏటవాలుగా కోయవలెను. తోటలలో నేల నుండి 45 సెంటీమీటర్లు, అనగా మూరెడు మాత్రమే మిగుల్తురు. ఇంటి పందిరికైనచో ముఖ్యమైన కాడలను నిలిపి ప్రక్కకొమ్మలను తగ్గించిన చాలును. పిదప పాదు త్రవ్వి, పదికిలోల మాగిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టవలెను. మూరెడు మిగిల్చిన తీగె మూరల కొలది పూలిచ్చును.

కచేరీ దస్త్రముల గదిలోను ఇదే న్యాయము. శాశ్వతముగా నుంచవలసిన కాగితము వేరు, గడువు తీరినంతనే తీసివేయవలసినది వేరు. అన్నియు దాచినచో కావలసిన కాగితము కావలసిన నాడు దొరకదు.

అయితే 2016 నాటి కరవులో మా యింట ఈ న్యాయమునకు గట్టి పరీక్షయే వచ్చినది. కుళాయి నీరు ఏనాడు వచ్చునో తెలియదు. బియ్యము కడిగిన నీరే జాజికి ఆధారము. ఆకులు వాడి వ్రేలాడుచుండెను. ప్రతి యేటి వలె ప్రక్కకొమ్మలు తగ్గించిన చాలదనియు, ఈ సారి పందిరి దించి మూరెడుకు కోయవలెననియు మేమంటిమి. మా గృహిణి అడ్డు నిలిచినది. "మా అమ్మ చేతితో ఇచ్చిన కొమ్మండీ ఇది. అక్కడి తీగె ఎండిపోయింది, ఇదొక్కటే మిగిలింది. దీన్నీ మొదలంటా నరుకుతారా?" మడకశిర వైపు నుండి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ యది. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు.

ఆ సమయమున వాడుకగా పూలు తెచ్చు అవ్వ వాకిట కూర్చుండి యుండెను. ఆమె తీగె వంక చూచి, "ఇంత ఆకుకు నీళ్ళు యాడ తెస్తావమ్మా? కొమ్మ కోసెయ్యనీ. యేరు బతికితే అన్నీ బతుకుతాయి" అనెను. ఉద్యానశాస్త్రము చెప్పునదియు నిదియే. నీటిని ఆవిరిగా విడుచునది ఆకు. ఆకు తగ్గిన కొలది వేరుపై భారము తగ్గును. మా గృహిణి చాలసేపు మాటాడలేదు. పిదప తానే కత్తెర తెచ్చి యిచ్చినది.

కోసిన కొమ్మలలో నాలుగు కణుపుల పుల్లలు నాలుగింటిని ఆమె ఏరి, పగిలిన కుండలో ఇసుక నింపి, రెండేసి కణుపులు లోపలికి పోవునట్లు నాటి నీడన ఉంచినది. రెండు వేరు పట్టినవి. మొదలు కూడ చిగిర్చి, మరుసటి వానలకు మొగ్గ తొడిగినది. ఆ రెంటిలో ఒక మొక్క తిరిగి మడకశిర వైపునకే, ఆమె అన్నగారి వాకిటికి చేరినది. తీగెను కత్తిరింపకున్నచో ఆ యింటికి ఆ జాజి మరల చేరి యుండెడిది కాదు.

తెలుగుదేశమునకు వెలుపల తెలుగు నిలుపుకొనుచున్న మనకు దీనియందొక బుద్ధి కలదు. పెద్దలిచ్చినది గదా యని ఎండుపుల్లలను సైతము మోయుట భక్తి కాదు. వేరును మరచి నరకుట వివేకము కాదు. వేరు నిలిపి, చిగురునకు చోటిచ్చి, చేత మిగిలిన కొమ్మను పొరుగువారికి పంచిన చాలును. వచ్చు పుష్యమున చదువరులు తమ పందిరి క్రింద నిలిచి ఒకమారు పైకి చూతురు గాక. లోపల వెలుతురు కానరాకున్న కత్తెరకు పని కలదనియే అర్థము.