పెరట్లో షెడ్డుకి కరెంటు

వానలు పడుతున్నాయి కాబట్టి ఒక మాట. పెరట్లో రేకుల షెడ్డుకి లైను లాగేటప్పుడు చాలామంది ఫేజు, న్యూట్రల్ రెండే వైర్లు తీసుకెళ్తారు. బల్బు వెలిగిందిగా, ఇంకేం కావాలంటారు. మూడోదైన ఎర్త్ వైరు మీద మిగిలేదెంతని!

“గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ పైపు పాతాం, ఎంసీబీ ఉంది, ఇక భయం లేదు” అనేవాళ్లదీ పొరపాటే. ఫేజు వైరు రేకుకి తగిలిందనుకుని లెక్క వేయండి. ఎర్త్ నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే (నేల ఎండితే ఇంకా పెరుగుతుంది) 230 వోల్టులకి మట్టిలోకి పోయేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి ఠక్కున పడదు, నిమిషాల తరబడి అలాగే ఉండొచ్చు. ఈలోగా రేకు, ఇనుప స్తంభం, దానికి కట్టిన బట్టల తీగ అన్నిట్లోనూ కరెంటే. మనిషి ప్రాణానికి మిల్లీఆంపియర్లు చాలు.

అందుకే ఆ లైనుకి విడిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) పెట్టించండి. ఎర్త్ కూడా ఉండాల్సిందే, ఒకదానికి ఒకటి బదులు కాదు. సాకెట్ వెనకాల ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి “అయిపోయింది సార్” అనే పనిమంతులున్నారు. న్యూట్రల్ తెగిన రోజున ఆ సాకెట్‌కి తగిలించిన మోటారు బాడీకే ఫేజు వస్తుంది. అలాంటివాణ్ణి మళ్లీ గడప తొక్కనివ్వకండి.

ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది. అప్పుడప్పుడూ నొక్కి చూడండి. పడకపోతే మార్పించండి.