మరెప్పుడెళ్తావు?

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి దగ్గర జాతీయ రహదారి మీద బస్సు దిగి, చుట్టుపక్కల ఏ ఊళ్లోకి నడిచినా, ఏళ్ల తరవాత వచ్చినవాడికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "ఎప్పుడొచ్చినావు బావూ?" అన్నది మొదటిది. దాని వెనకాలే "మరెప్పుడెళ్తావు?" అన్నది వస్తుంది. ఈ రెండోది చాలామందికి గుచ్చుకుంటుంది. చెంబుడు నీళ్లు తాగకముందే సాగనంపుతున్నారా అనిపిస్తుంది. కానీ ఇందులో కొత్తేమీ లేదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుని ఊరు తరతరాలుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. ఎన్నాళ్లుంటుందో తెలిస్తే ఆ లెక్కన మర్యాద జరుగుతుంది. ఇప్పుడు అదే ప్రశ్న మగపిల్లల్ని అడుగుతున్నారు. వలస ఈ ప్రాంతపు కొడుకుల్ని ఆడపడుచుల్ని చేసిందని నా వాదన. పండక్కి వస్తారు, ప్రేమగా చూస్తారు, పెట్టుపోతలుంటాయి, ఊరి పనుల్లో మాత్రం వంతుండదు. తిరిగి రావడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇది నిన్నా మొన్నా మొదలైన సంగతి కాదు. ఆమదాలవలస, కొత్తవలస అంటూ ఊళ్ల పేర్లలోనే వలసను మోస్తున్న నేల ఇది. ఎక్కడినుంచో వచ్చి కుదురుకున్నవాళ్ల ఊళ్లే ఇక్కడ చాలా. ఆ తరవాత జనం కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగూన్ బియ్యం మిల్లులకి, రేవు పనులకి పోయారు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనేవారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, వేలమంది అడవుల్లో పడి నడిచి వచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక మరికొందరు వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ మిగిలింది. తిరిగొచ్చినవాళ్లందరినీ సొంతూరు పొదువుకుని ఉంటే నగరంలో ఆ పేట అవసరమే ఉండేది కాదు. ఇక 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకి ఆడవాళ్లు వెయ్యి దాటారు. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కదా, దానివల్లేమో అనొచ్చు. కొంత నిజమే. కానీ ఆరేళ్లలోపు పిల్లల్లో ఆడపిల్లలే తక్కువ. కాబట్టి ఆ తేడా పురిట్లో వచ్చింది కాదు. మగవాళ్లలో కొందరు విశాఖలోనో హైదరాబాదులోనో చెన్నైలోనో, పని ఉన్న మరోచోటో ఉన్నారు.

తిరిగొచ్చినవాడు ముందుగా మెచ్చుకునేది నిశ్శబ్దాన్ని. ఎంత ప్రశాంతంగా ఉందో అంటాడు. అది తను వెళ్లిపోవడం వల్ల ఏర్పడిందని తట్టదు. నూర్పుళ్ల రోజుల్లో కళ్లాల దగ్గర చెవులు గడియలు పడేవన్న సంగతి అతనికీ తెలుసు. జపాన్ పల్లెల్లో ఈ నిశ్శబ్దం ఇంకా దూరం పోయింది. సగానికి మించి అరవై అయిదు దాటినవాళ్లే ఉన్న ఊళ్లకి అక్కడి సామాజిక శాస్త్రవేత్త ఓనో అకిరా ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాడు. 2023 లెక్కల్లో ఆ దేశంలో ఖాళీ ఇళ్లు దాదాపు తొంభై లక్షలు. కారుచౌకగా, ఒక్కోచోట ఊరికే ఇస్తామన్నా అన్నింటికీ మనుషులు దొరకడం లేదు. అంటే మనిషిని వెనక్కి తెచ్చేది ఇల్లు కాదు. మన దగ్గరా పల్లెల్లో తాళాలు వేసిన డాబాలు కనిపిస్తాయి. బయటి జీతంతో కట్టినవి, టైల్సు పరిచినవి, ఏడాదికి వారం దీపం వెలిగేవి.

ఆ డాబాలు కట్టింది వలసే కదా, వెళ్లకపోతే ఊరు బతికేదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. వంశధార ఎడమ కాలువ శివారు పొలాలకి నీళ్లందని ఏడాది ఇంటికి ఆధారం దూరపు కూలి డబ్బే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని కూల్చినప్పుడూ అంతే. వలసని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఊరంటే అందరికీ ఒకే ఊరు కాదు. కులం వల్ల వీధి చివర నిలబడి మాట్లాడవలసి వచ్చినవాడికి పట్నం విడుదల. అతన్ని వంతు తీసుకోమంటే పాత వంతే తీసుకోమన్నట్టవుతుంది. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. అయితే ఒకటి గమనించాలి. వంతు లేకుండా అతిథిగా ఉండిపోతే ఆ పాత పద్ధతిని మార్చే నోరూ ఉండదు. ఆడపడుచు మాట పుట్టింటి ఆస్తి దగ్గర ఎంత చెల్లిందో మనకి తెలుసు.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. సైబీరియా నుంచి అంటారు గానీ అవి మన దేశంలో ఉండే జాతులే. పురిటికొచ్చిన ఆడపిల్లలని ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటారు. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతరకి వచ్చే కొడుకులకీ అలాంటి ఆదరణే. పోలాల అమావాస్య దాటాక మంగళవారం మొదలయ్యే ఆ మూడు రోజులూ బస్సులు కిటకిటలాడతాయి, చందా రాసినవాడి పేరు మైకులో వినిపిస్తుంది. చందా మంచిదే, కానీ వంతుకి బదులు కాదు. జాతర గురువారంతో అయిపోతుంది. పొలానికి నీళ్ల కరువు మొదలయ్యేది ఆ తరవాతే. మరో రెండు వారాలకి కూడా ఊళ్లోనే కనిపించినవాణ్ని ఎప్పుడెళ్తావని అడగడం మానేస్తారు. "రేపు కాలవ కాడికి వస్తావేటి, పూడిక తియ్యాల" అంటారు.