‘అవును’ అని రాయవలసిన గడి

ఫ్రిస్కో నుంచి సముద్రం చూడాలంటే గాల్వెస్టన్ దాకా దాదాపు ఐదు గంటలు కారు నడపాలి. కొత్త ఇళ్ళకు పునాదులు తవ్వినప్పుడు మాత్రం నల్లమట్టి కింద తెల్లని సున్నపురాయి బయటపడుతుంది. కోట్ల సంవత్సరాల కిందట ఈ నేల సముద్రపు అడుగు. ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా మత్తువైద్యం చేస్తున్న డాక్టరుగారికి యాభై దాటాక స్కూబా డైవింగ్ మీద మనసు పడింది. కాకినాడ దగ్గర పల్లెలో కాలవ ఈత నేర్చుకున్న మనిషి, టెక్సస్ చెరువుల బురదనీటిలో సిలిండరు కట్టుకుని పాఠాలు నేర్చుకున్నాడు. ఏడేళ్ళలో నలభై దాకా డైవులు చేశాడు. యాభై ఏడో ఏట, మెక్సికోకు చెందిన రెవియాహిహేదో దీవులకు ఎనిమిది రోజుల ఓడ ప్రయాణానికి డబ్బు కట్టాడు.

సొకోరో, సాన్ బెనెడిక్తో, క్లారియోన్, రోకా పార్తీదా అనే ఆ నాలుగు దీవులూ పసిఫిక్ మహాసముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతాల శిఖరాలు. బాహా కాలిఫోర్నియా దక్షిణపు కొస నుంచి దాదాపు 390 కిలోమీటర్ల దూరం. రెండు పెద్ద దీవుల్లో మెక్సికో నావికాదళం వారి చిన్న స్థావరాలు ఉన్నాయి, అంతకు మించి జనావాసం లేదు. 2016లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2017లో మెక్సికో ప్రభుత్వం చుట్టూ ఉన్న దాదాపు 1,48,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని జాతీయ వనంగా ప్రకటించి చేపల వేటను పూర్తిగా నిషేధించింది. డైవింగ్‌కు వెళ్ళేవారికి తెలియవలసిన సంగతి మరొకటి ఉంది. అక్కడ ఎవరికైనా ఒత్తిడి తేడాల వల్ల జబ్బు చేస్తే, చికిత్సకు కావలసిన ప్రాణవాయువు గది ఉన్న తీరానికి చేరడానికి ఓడలో ఒక పగలూ రాత్రీ పడుతుంది.

అందుకే ప్రయాణానికి ముందు ఆరోగ్య ప్రశ్నావళి పంపుతారు. ప్రతి ప్రశ్నకూ అవునో కాదో గుర్తు పెట్టాలి. నలభై ఐదేళ్ళు దాటినవారికి విడిగా కొన్ని ప్రశ్నలుంటాయి. రక్తపోటు ఉందా? కొలెస్టరాల్ ఎక్కువా? దగ్గరి రక్తసంబంధీకులెవరైనా యాభై ఏళ్ళలోపు హఠాత్తుగా గానీ గుండెజబ్బుతో గానీ మరణించారా? ఒక్కదానికి ‘అవును’ అన్నా ఒక వైద్యుడు పరీక్షించి సంతకం చేయాలి.

డాక్టరుగారు అన్నింటికీ ‘కాదు’ అని గుర్తు పెట్టాడు.

ఆయన వృత్తి సగం ప్రశ్నలు అడగడమే. ఆపరేషనుకు ముందు మంచం పక్కన నిలబడి ఏ మందులు వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు తిన్నారు, మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా అని వేల మందిని అడిగి ఉంటాడు. మనుషులు జవాబులు ఎలా దాచుకుంటారో, ఎందుకు దాచుకుంటారో ఆయనకు తెలుసు. మోసం చేయాలని దాచేవారు తక్కువ. నోటితో చెబితే అది నిజమైపోతుందన్న భయంతో దాచేవారే ఎక్కువ.

భోజనాల బల్ల మీద ఉన్న ఆ కాగితాన్ని భార్య చూసింది.

“మామగారి సంగతి రాయలేదేమండీ?”

“అదంతా ఉత్త లాంఛనం.”

“మీ పేషెంటు ఆ మాటంటే మీరు ఊరుకుంటారా?”

ఆమె మామగారిని చూడనేలేదు. ఆయన నలభై ఆరో ఏట, ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి వాలుకుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. అప్పటికి డాక్టరుగారి వయసు పదిహేను. తరువాత ఎవరడిగినా “నాన్నగారు చిన్నప్పుడే పోయారు” అన్న వాక్యంతో సరిపెట్టాడే గాని, ఎలా పోయారో చెప్పే రెండో వాక్యం ఎన్నడూ రాలేదు. తండ్రి వయసు దాటిన ఏడు పుట్టినరోజు జరుపుకోలేదు. ఏడాదిగా తను వేసుకుంటున్న రక్తపోటు మాత్రను విటమిన్ సీసాల వెనుక ఉంచేవాడు.

ఆ రాత్రి కొత్త ప్రశ్నావళి తీసి రెండు గడుల్లో ‘అవును’ అని గుర్తు పెట్టాడు. మరుసటి వారం, ఒకప్పుడు తన దగ్గర పాఠాలు విన్న హృద్రోగ నిపుణురాలి ముందు కాగితపు గౌను కట్టుకుని కూర్చున్నాడు. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, గుండె స్కానింగు తీశారు. ఆమె చెప్పినదంతా ఆయనకు తెలిసినదే. మనిషి నీటిలో మునిగితే కాళ్ళ సిరల్లోని రక్తం అర లీటరుకు పైగా ఛాతీలోకి చేరుతుంది, గుండె మీద బరువు పెరుగుతుంది. యాభై దాటి రక్తపోటు ఉన్నవారిలో, చల్లని నీటిలో గట్టిగా ఈదుతున్నప్పుడు, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. తెలిసిన విషయాన్ని అవతలి కుర్చీలోంచి వినడం వేరుగా ఉంది. ఆమె సంతకం చేస్తూ ఒక షరతు పెట్టింది: “ప్రవాహం గట్టిగా ఉన్నా, ఊపిరి అందకపోయినా, దగ్గు వచ్చినా పైకి వచ్చేయండి సార్. ఇంకో నిమిషం చూద్దాం అనుకోకండి.”

కాబో శాన్ లూకస్‌లో ఓడ ఎక్కి, దారి పొడుగునా ఆయన స్టైన్‌బెక్ ‘ది లాగ్ ఫ్రమ్ ది సీ ఆఫ్ కోర్టెజ్’ చదివాడు. 1940 వసంతంలో స్టైన్‌బెక్, ఆయన మిత్రుడు, జీవశాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్స్ ‘వెస్టర్న్ ఫ్లయర్’ అనే చేపల పడవలో ఇదే కాబో మీదుగా కాలిఫోర్నియా సింధుశాఖలోకి వెళ్ళి, ఒడ్డు రాళ్ళ మధ్య జీవులను సేకరించారు. పుస్తకమంతా ‘మేము’ అనే గొంతుతో నడుస్తుంది. ఆ పడవలో స్టైన్‌బెక్ భార్య కారల్ కూడా ఉన్నది. వందల పుటల్లో ఆమె ఊసు లేదు. ఏ పీతకు ఎన్ని కాళ్ళో లెక్కపెట్టిన పుస్తకం, పక్కనే ఉన్న మనిషిని వదిలేసింది. ఈ సంగతి తెలిసి చదివేవారికి ప్రతి పుటలోనూ ఆ ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది. డాక్టరుగారు పుస్తకం మూసి చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

రెండో రోజు ఉదయం సాన్ బెనెడిక్తో కనిపించింది. చెట్టూ చేమా లేని బూడిదరంగు కొండ; వాన కోసిన చాళ్ళు పైనుంచి కిందికి గీతలుగా దిగాయి. 1952 ఆగస్టు 1న ఇక్కడ బార్సెనా అనే కొత్త అగ్నిపర్వతం పుట్టి, కొద్ది రోజుల్లోనే దీవిని బూడిదతో కప్పేసింది. ఈ దీవిలో తప్ప మరెక్కడా లేని ఒక రాతిపిట్ట ఉపజాతి ఆ విస్ఫోటంతో అంతరించిపోయింది. సముద్రపక్షులు తిరిగి వచ్చాయి, ఆ పిట్ట రాలేదు. దీవి మీద కాలు పెట్టడానికి యాత్రికులకు అనుమతి లేదు. చూడవలసినదంతా నీటి కిందనే.

నాలుగో రోజు రోకా పార్తీదా. ఆ పేరుకు చీలిన రాయి అని అర్థం. నడిసముద్రంలో వంద మీటర్ల పొడవైనా సరిగ్గా లేని రాయి, పక్షుల రెట్టతో తెల్లబడి నిలబడి ఉంటుంది. నీటి కింద దాని గోడలు నిట్టనిలువుగా దిగుతాయి. గోడ అరల్లో తెల్లరెక్క సొరచేపలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. ఆ ఉదయం గోడ మలుపు తిరగగానే ప్రవాహం ఎదురైంది. డాక్టరుగారు కాళ్ళు ఆడించినా ముందుకు సాగలేదు. ఇరవై మీటర్ల లోతు. పైన ఉన్నదానికి మూడింతల ఒత్తిడి, పీల్చే ప్రతి శ్వాసకూ మూడింతల గాలి ఖర్చు. తన ఊపిరి చప్పుడు తనకే వినిపించింది. ఆపరేషను గదిలో ఆ చప్పుడు విన్నాడంటే తల తిప్పి మానిటరు చూస్తాడు. ఇంకో నిమిషం చూద్దామనిపించింది. జతగాడికి బొటనవేలు పైకి చూపించాడు. నీటి కింద దానికి ‘బాగుంది’ అని అర్థం లేదు. ‘డైవు ఆపేసి పైకి పోదాం’ అని అర్థం.

జతగాడు మారు సైగ చేయకుండా వెంట వచ్చాడు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి ఇద్దరూ పైకి తేలారు. రబ్బరు పడవలో కూర్చుని నాడి చూసుకున్నాడు, ఛాతీలోకి చెవి పెట్టినట్టు ఊపిరి విన్నాడు. దగ్గు లేదు, ఏమీ లేదు. అరగంట తరువాత మిగిలినవారు సుత్తితల సొరచేపల గుంపును చూశామని కేరింతలు కొడుతూ వచ్చారు. తన వల్ల అవి కనిపించకుండా పోయిన జతగాడికి క్షమాపణ చెప్పబోతే, ఆయన సగం కమలాపండు చేతిలో పెట్టి, “మధ్యాహ్నం ఇంకో డైవు ఉందిగా” అన్నాడు.

పైకి రాకపోతే ఏమయ్యేదో తెలుసుకునే మార్గం లేదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదని మత్తువైద్యుడికి ఎవరూ చెప్పనక్కర లేదు. ఆయన మంచిరోజులన్నీ ఏమీ జరగని రోజులే. అయినా ఆ పూట సిగ్గు పోవడానికి సాయంత్రం దాకా పట్టింది.

చివరి రోజు ఓడ మళ్ళీ సాన్ బెనెడిక్తోకు వచ్చి బాయిలర్ అనే చోట ఆగింది. నీటి మట్టానికి కొద్ది మీటర్ల కిందే ఆగిపోయిన రాతి స్తంభం అది. పైన అలలు మరిగినట్టు తెర్లుతాయి. నీరు నిదానంగా ఉంది. వెంటపడవద్దు, ముట్టుకోవద్దు, ఉన్నచోటే ఉండండి అని గైడు ముందే చెప్పాడు. కాసేపటికి నీలంలోంచి ఒక మాంటా వచ్చింది. రెక్క కొస నుంచి కొస దాకా ఐదు మీటర్లకు తక్కువ ఉండదు. రాయి దగ్గరికి రాగానే వేగం తగ్గించి, తెల్లని పొట్ట కనబడేలా ఒరిగింది. నారింజరంగు క్లారియోన్ ఏంజెల్ చేపలు రాతి నుంచి లేచి వచ్చి దాని చర్మం మీది పరాన్నజీవులను ఏరి తినసాగాయి. మాంటా ఈదుతూ ఉంటేనే దాని మొప్పల్లోకి నీరు పారుతుంది, ఊపిరి ఆడుతుంది. అందుకని ఆగిపోకుండా మెల్లగా తిరిగి తిరిగి వచ్చింది. పొట్ట మీది నల్లమచ్చలు ఏ రెండు మాంటాలకూ ఒకేలా ఉండవు, పరిశోధకులు వాటిని బట్టే గుర్తుపడతారు. ఒక రెక్క అంచున పాత కాటు మచ్చ ఉంది. ఆ మచ్చ ఉన్న వైపునే చేపలకు అప్పగించి ఎక్కువసేపు ఒరిగి ఉంది. వెళ్ళేముందు డాక్టరుగారి మీదుగా, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో దాటింది. దాని కన్ను ఆయన వైపు తిరిగింది. ఆయన ఊపిరి చప్పుడు అప్పుడు వినిపించలేదు.

తిరుగు ప్రయాణంలో, తీరం దగ్గరపడి ఫోనుకు సిగ్నలు అందగానే, ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి సందేశం రాశాడు. “మీ తాతయ్య నలభై ఆరేళ్ళకే గుండెపోటుతో పోయారు. నీకెప్పుడూ చెప్పలేదు. నాకు రక్తపోటు ఉంది, మందు వాడుతున్నాను. నువ్వు కొలెస్టరాల్ పరీక్ష చేయించుకో.” కాసేపటికి జవాబు వచ్చింది: “సరే నాన్నా. ఇంటికి వచ్చాక తాతయ్య గురించి ఇంకా చెప్పు.”

సోమవారం మొదటి కేసు, పిల్లల దగ్గరికి వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దాయన. హెర్నియా ఆపరేషను. పక్కన కొడుకు నిలబడి అన్ని ప్రశ్నలకూ తానే జవాబు చెబుతున్నాడు. రాత్రి నుంచి నాన్నగారు ఏమీ తినలేదని కూడా చెప్పాడు. డాక్టరుగారు మామూలుగా అయితే రాసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చుని, కొడుకును కాసేపు బయట ఉండమని, తెలుగులో మళ్ళీ అడిగాడు.

పెద్దాయన దుప్పటి అంచు సవరించుకున్నాడు.

“పొద్దున్నే లేచాను నాయనా. కాస్త పాలు పోసుకుని కాఫీ తాగాను. అబ్బాయితో చెప్పకండి.”

“చెప్పి మంచి పని చేశారండీ” అని, డాక్టరుగారు ఆపరేషనును మధ్యాహ్నానికి వాయిదా వేశాడు.