కడపోళ్ల అల్లుడు

ఉగాది పొద్దున దేవుని కడపకు పోతే లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడి ముందు బుర్ఖాల వరుస కనిపిస్తుంది. టెంకాయలు, బెల్లం పట్టుకొచ్చిన మనోళ్లే. ఎందుకమ్మా అంటే ఒకటే జవాబు: బీబీ నాంచారమ్మ మా బేటీ, ఆయన మా అల్లుడు.

కర్నూలు దోస్త్ ఒకాయన ఈ మాటకు ఉడికిపోతాడు. "అల్లుడేంది భాయ్, షిర్క్ కదా!" ఇంకోపక్క, నిఖా ఎప్పుడైందో సబూత్ చూపించమని నవ్వే అఖల్‌మందులు. ఇద్దరిదీ ఒకటే బీమారీ. మజాజ్‌ను తీసుకెళ్లి హకీకత్ తక్కెట్లో వేస్తారు.

మన బలాగత్ ఉస్తాదులు దీన్ని ఎప్పుడో తేల్చారు. అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ 11వ శతాబ్దంలోనే ఇస్తిఆరా లోతులు తవ్వాడు. ఇస్తిఆరా అంటే అసలర్థాన్ని అడ్డుకునే కరీనా ఒకటి ఉండాలన్నది ఆ ఇల్మ్‌లో ఖాయిదా. "మింబర్ మీద సింహం ఖుత్బా ఇచ్చింది" అంటే ఎవరూ మసీదు వదిలి పరిగెత్తరు. మింబరే కరీనా. గ్రైస్ అనే ఇంగ్లండ్ ఫిలాసఫర్ వ్యాసం 1975లో అచ్చయింది. ఆయనదీ దాదాపు ఇదే దారి: ఎదుటి మనిషి కళ్లముందే కానిది చెబుతుంటే, ఇంకేదో చెప్పదలిచాడని వెతుక్కుంటాం. స్పెర్బర్, విల్సన్ (1986) నాకు ఇంకా దగ్గర. అసలర్థాన్ని ముందు పరీక్షించి కొట్టేయాల్సిన పనే లేదంటారు వాళ్లు. సందర్భానికి ఎంత కావాలో మాటను అంతే సాగదీసుకుంటాం.

మరి సీమలో అల్లుడంటే? పండగకు పలకరించాల్సినోడు. అలిగితే బిడ్డ పుట్టింటికి దూరమైపోతుందని భయపెట్టేవాడు. మనోడే, అయినా మన ఇంటోడు కాదు. ఈ ఆఖరిదే నాకు ముఖ్యం. 'దేవుడు' అనకుండా 'అల్లుడు' అన్నారంటే, దగ్గరితనమూ దూరమూ రెండూ ఒక్క మాటలో పెట్టారు. అసలు ఊరి పేరే తిరుమలకు గడప అంటారు కదా. అదే ఊళ్లో పెద్ద దర్గాకు పోయి మనం చౌఖట్ అంటాం. రెండుచోట్లా ఎవరూ వాకిట్లో రాయి గురించి మాట్లాడటం లేదు.

ఇదంతా చెబితే దోస్త్ వదల్లేదు. "మాట మజాజే, ఒప్పుకున్నా. టెంకాయ కూడా మజాజేనా?"

సవాల్ గట్టిదే. చేతికి కూడా కరీనా ఉంటుందన్నాను. ఆ టెంకాయ మొక్కా, సారెనా అనేది పట్టుకొచ్చిన మనిషి నీయత్‌కే తెలుసు. పద, ఆమెనే అడుగుదాం అన్నాను.

వచ్చే ఉగాదికి కడప బస్సెక్కుతానన్నాడు, వాదించడానికే.