మూడు నిమిషాలు

మా కౌంటీ కమిషనర్ల మీటింగులో ఊళ్ళోవాళ్ళు మాట్లాడటానికి మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. గుమ్మం పక్కన బల్ల మీద ఒక కాగితం పెట్టి ఉంటుంది. అందులో పేరు, అడ్రసు, మాట్లాడబోయే విషయం రాయాలి. ఈ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆ కాగితం ముందు పెన్ను పట్టుకుని నిలబడ్డాను. పేరు రాశాను. అడ్రసు రాశాను. విషయం దగ్గర చెయ్యి ఆగిపోయింది. విదేశాల్లో తయారైన డ్రోన్లని కౌంటీ శాఖలేవీ వాడకూడదన్న తీర్మానం ఆ రోజు చర్చకి వస్తోంది. దానికి వ్యతిరేకంగా అని రాయాలి. పదహారేళ్ళుగా ఒహాయోలో ఉంటున్నాను. సర్కారు చేసే పనికి వ్యతిరేకమని నా పేరు పక్కన నా చేత్తో ఎప్పుడూ రాసుకోలేదు.

బయల్దేరేముందు మా ఆవిడ అడిగింది. "మీకెందుకండీ ఈ గొడవ? అసలే రోజులు బాగాలేవు. గ్రీన్ కార్డు క్యూలోనే ఉన్నాం ఇంకా. పైగా చైనా డ్రోన్ల తరఫున మాట్లాడతారా?"

"చైనా తరఫున కాదే."

"వినేవాళ్ళకి అలాగే వినిపిస్తుంది."

తను అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ప్రయారిటీ డేటు 2015. ఈ దేశంలో నోరు మూసుకుని పన్ను కట్టడం మాలాంటివాళ్ళకి బాగా అలవాటైన విద్య.

డ్రోన్ల పిచ్చి నాకు 2019లో పట్టింది. మొదట సరదాకే. తర్వాత ఎఫ్ఏఏ వాళ్ళ పార్ట్ 107 పరీక్ష రాశాను. అరవై ప్రశ్నలు, నూటికి డెబ్బై వస్తే పాసు. నాలుగు వందల అడుగులు దాటి ఎగరకూడదు, విమానాశ్రయాల దగ్గర అనుమతి లేకుండా ఎగరకూడదు లాంటి నియమాలన్నీ అప్పుడే వంటబట్టాయి. మా కౌంటీలో తప్పిపోయినవాళ్ళని వెతికే వాలంటీర్ల జట్టు ఒకటుంది. ఫైర్ డిపార్ట్‌మెంటులో రిటైరైన ఒక పెద్దాయన నడుపుతాడు. "రాత్రిపూట లేచి రాగలవా?" అని ఒక్కటే ప్రశ్న వేసి నన్ను చేర్చుకున్నాడు. వీసా ఏమిటి, ఏ దేశం అని అడగలేదు.

రెండేళ్ళ కిందట అక్టోబరు చివర్లో ఒక రాత్రి ఫోనొచ్చింది. మతిమరుపు జబ్బున్న ఎనభై ఏళ్ళ పెద్దమనిషి సాయంత్రం నాలుగింటికి ఇంట్లోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఒంటిమీద పల్చటి చొక్కా. బయట చలి కొరికేస్తోంది. ఆ ఇంటికి మూడు వైపులా మొక్కజొన్న చేలే. ఇంకా కోత కాలేదు. ఎండిపోయిన మొక్కలు మనిషి కన్నా ఎత్తున నిలబడి ఉన్నాయి. అలాంటి చేలో పది అడుగుల దూరంలో మనిషున్నా కనపడడు. పాతిక మంది టార్చిలైట్లతో మూడు గంటలు తిరిగారు.

మా జట్టుకి ఒక థర్మల్ డ్రోన్ ఉంది. దాని కెమెరా వెలుతురుని కాదు, వేడిని చూస్తుంది. చల్లటి నేల నల్లగా, ప్రాణమున్న ఒళ్ళు తెల్లగా కనిపిస్తాయి. తెరమీద ముందు జింకలు కనిపించాయి. తెల్లటి చుక్కలు గుంపుగా కదులుతూ పోయాయి. తర్వాత రెండు సాళ్ళ మధ్య కదలని చుక్క ఒకటి. అది జింక కాదని నా పక్కనున్న పెద్దాయనే ముందు అన్నాడు. డ్రోన్‌ని ఆ చుక్క మీద నిలిపి, దాని లైటు వెలిగించి, నడిచేవాళ్ళని ఆ లైటు వైపు పంపాం. గాల్లోకి లేపినప్పట్నించీ మనిషి దొరికేదాకా ఇరవై రెండు నిమిషాలు. ఆయన నేలమీద కూర్చుని, భార్య బస్సు దిగుతుందని ఎదురు చూస్తున్నాడట. ఆమె పోయి ఆరేళ్ళైంది.

ఆ డ్రోన్ చైనాది. షెన్‌జెన్‌లో 2006లో మొదలైన డీజేఐ కంపెనీది. విరాళాలు పోగుచేసి కొన్నాం. బ్యాటరీలతో కలిపి ఏడు వేల డాలర్ల లోపు. ఇప్పుడు దాని బదులు అమెరికాలో తయారైనది కొందామని మా పెద్దాయన ధర కనుక్కుంటే, దాదాపు మూడు రెట్లు చెప్పారు.

ఈ ఆంక్షల సంగతి ఇవాళ్టిది కాదు. 2020 జనవరిలో అమెరికా అంతరంగిక శాఖ తన దగ్గరున్న ఎనిమిది వందల దాకా డ్రోన్లని, అత్యవసర పనులకి తప్ప, నేలమీద కూర్చోబెట్టింది. కార్చిచ్చులు రాకుండా ముందుగా అడవిలో ఎండు చెత్త తగలబెట్టే పనికి కూడా వాటినే వాడేవాళ్ళు. 2023 ఏప్రిల్లో ఫ్లోరిడా తన ప్రభుత్వ శాఖల్లో చైనా డ్రోన్లని ఆపేసింది. పోలీసులు, ఫైరు వాళ్ళు గోలపెట్టాక, కొత్తవి కొనుక్కోవడానికి రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించింది. 2024 డిసెంబరులో వచ్చిన రక్షణ బడ్జెట్ చట్టం ఈ కంపెనీల డ్రోన్లని ఏడాదిలోగా భద్రతా సంస్థ ఒకటి పరీక్షించి తేల్చాలంది. తేల్చకపోతే వాటంతటవే నిషేధ జాబితాలోకి వెళ్తాయంది. పరీక్ష చెయ్యండి మహాప్రభో అని ఆ కంపెనీయే అడిగింది. 2025 డిసెంబర్ 22న ఎఫ్‌సీసీ ఇంకో అడుగు ముందుకేసి, ఒక్క చైనావే కాదు, విదేశాల్లో తయారైన డ్రోన్లన్నిటినీ, వాటి ముఖ్యమైన విడిభాగాల్నీ జాబితాలో పెట్టింది. జనవరిలో కొన్నిటికి మినహాయింపులిచ్చింది. పాతవి ఎగరేసుకోవచ్చు. కొత్త మోడళ్ళకి మాత్రం తలుపు మూసినట్టే. ఫలానా మోడల్లో ఫలానా లోపం దొరికిందని చెప్పే నివేదిక మాలాంటివాళ్ళ చేతికి రాలేదు. మా కౌంటీ తీర్మానం ఆ వెనకాలే వచ్చింది. ఢిల్లీ కోసం గల్లీ వాళ్ళు ముందే వంగినట్టు, పాతవి కూడా మార్చి ఆఖరుకల్లా మూలపడేయాలంది.

అవతలివాళ్ళ భయం ఉత్తది అని నేననను. 2017లో చైనా చేసిన గూఢచార చట్టం ప్రకారం అక్కడి సంస్థలు ప్రభుత్వం అడిగితే సహకరించాలి. అమెరికా రక్షణశాఖ 2022లో డీజేఐని చైనా సైన్యంతో సంబంధమున్న కంపెనీల జాబితాలో పెడితే, కంపెనీ కోర్టుకి వెళ్ళి 2025లో ఓడిపోయింది. ఇంకో సంగతి. ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో 2024లోనే చూశాం. చైనా అమెరికన్ కంపెనీ స్కైడియో మీద ఆంక్షలు పెడితే, ఆ కంపెనీ డ్రోనుకి ఒక్క బ్యాటరీ చొప్పున రేషన్ ఇవ్వాల్సొచ్చింది. కాబట్టి సొంతంగా చేసుకోవాలనడం తెలివైన మాటే. చేసుకునేలోగా ఉన్నదాన్ని విరగ్గొట్టాలా అన్నదొక్కటే నా ప్రశ్న.

ఇదంతా రాసుకుని, మీటింగుకి రెండ్రోజుల ముందు తెనాలిలో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. మేనత్త కొడుకు. పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీస్తాడు. డ్రోన్ల గురించి నాకన్నా ఎక్కువ తెలిసినవాడు కదా, ఒకసారి వినిపిద్దామనుకున్నాను. చదువుతున్నంతసేపూ ఏమీ అనలేదు. అయిపోయాక నవ్వాడు.

"బాగుందిరా. మరి 2022లో నువ్వు ఏం రాశావో గుర్తుందా?"

గుర్తులేదన్నాను.

"నాకు గుర్తుంది. మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టావు. 'శభాష్ ఇండియా, ఇకనైనా చైనా చెత్త కొనడం ఆపండి' అని. కింద మూడు జెండాలు."

ఫోన్ పెట్టేశాక వెనక్కి జరిపి జరిపి చూశాను. ఉంది. 2022 ఫిబ్రవరి 9న భారత ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధనకి, రక్షణకి, భద్రతకి మాత్రం అనుమతి తీసుకుని తెచ్చుకోవచ్చు. విడిభాగాలకి అడ్డు లేదు. నా మెసేజు ఆ మర్నాటిది. దాని కింద బావ ఒక్క మాట రాశాడు: "మా సంగతేంటి మరి?" నేను జవాబివ్వలేదు. 

ఆ వేసవి పెళ్ళిళ్ళ సీజన్లో బావ డ్రోన్ ఒక కల్యాణమండపం షామియానా తాడుకి తగిలి కూలిపోయింది. దుకాణాల్లో కొత్తది లేదు. మన దేశంలో తయారైనవాటిలో పెళ్ళి వీడియోకి పనికొచ్చే కెమెరా ఉన్నది అతని అందుబాటు ధరలో దొరకలేదు. చివరికి ఎవరిదగ్గరో బిల్లు లేకుండా, అసలు ధరకి మరో సగం కలిపి ఇచ్చి కొన్నాడు. ఎగరేసినప్పుడల్లా పోలీసు బండి వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ ఉంటాడట. "అమ్మాయి అప్పగింతల షాటు తీస్తూ నేను ఏడవాల్సొస్తోంది" అని జోకేశాడు. నాలుగేళ్ళుగా ఈ మాట అతను నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

సమర్థించుకోవడానికి దారులు వెతికాను. మనది బీద దేశం, సొంత పరిశ్రమ పెరగాలి, సరిహద్దులో చైనాతో గొడవ ఉంది. అన్నీ నిజాలే. కానీ ఇక్కడివాళ్ళు చెప్పే కారణాలు కూడా సరిగ్గా అవే. అక్కడ నష్టపోయేది బావ. ఇక్కడ నష్టపోయేది నేనూ, మా జట్టూ, మొక్కజొన్న చేలో కూర్చున్న ఎవరో ముసలాయనా. తేడా అంతే. దిగుమతి ఆపినంత మాత్రాన చైనా పోలేదు కూడా. పెట్టె మీద పేరు మారి లోపల అవే భాగాలు వచ్చాయి. 2025లో భారత సైన్యం చైనా భాగాలున్నాయని నాలుగొందల డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసుకోవాల్సొచ్చింది. అంటే పెట్టె ఏ దేశంలో బిగించారన్నది కాదు, లోపల ఏముందో విప్పి చూడటమే పని. ఆ పని కష్టం. నిషేధం సులువు.

రాసుకున్నదాన్ని చింపేసి మళ్ళీ రాశాను.

నా వంతు వచ్చింది. పోడియం మీద ఎర్ర అంకెలు మూడు నుంచి కిందకి దిగడం మొదలైంది. ముందు మొక్కజొన్న చేను సంగతి చెప్పాను. తర్వాత మూడు విషయాలు అడిగాను. బదులు డ్రోన్ చేతికొచ్చేదాకా ఉన్నదాన్ని నేల దించకండి. మేము ఇప్పటికే ఇంటర్నెట్ కలపకుండా ఎగరేస్తున్నాం, వీడియో ఉన్న కార్డు కౌంటీ దాటిపోదు. ఆ పద్ధతినే రాతపూర్వకంగా నియమం చెయ్యండి, ఏ దేశపు డ్రోనుకైనా సరే. బయటి నిపుణుడి చేత విప్పించి చూపించండి. అందులో తప్పు దొరికితే నేనే తెచ్చి మీ బల్ల మీద పెడతాను.

ఇంకా నలభై సెకన్లు మిగిలాయి. కాగితంలో ఆఖరి ముక్క ఉంది. దాన్ని చదవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను.

"నాలుగేళ్ళ కిందట నేను పుట్టిన దేశం ఇలాంటి నిషేధమే పెట్టింది. నేను చప్పట్లు కొట్టాను. నా బంధువు ఒకడు దానివల్ల ఇబ్బంది పడ్డాడు. ఆ సంగతి నాకు మొన్నే తెలిసింది. మీరు ఓటు వేసేముందు ఎవరు ఇబ్బంది పడతారో అడగండి. నేను అడగలేదు."

నా తర్వాత మాట్లాడినాయన ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. నౌకాదళంలో పనిచేశాడట. నేను చెప్పినదానితో ఒప్పుకోనన్నాడు. శత్రువు చేసిన కన్నుని మన ఇంటి మీద ఎగరనివ్వడం బుద్ధి తక్కువ అన్నాడు. కూర్చోబోతూ ఆగి, "కానీ ఆ ముసలాయన దొరికినందుకు సంతోషం" అన్నాడు.

కమిషనర్లు ముగ్గురు. ఓటు వెయ్యలేదు. అరవై రోజులు వాయిదా వేసి, ఈలోగా కౌంటీలో ఎన్ని డ్రోన్లున్నాయో, ఏ పనికి వాడుతున్నారో, మార్చడానికి ఎంతవుతుందో లెక్క తెమ్మన్నారు. గెలుపనడానికి లేదు. ఎవరో ఒకరు లెక్క అడిగారు, అంతవరకే. పార్కింగులో మా పెద్దాయన భుజం తట్టి, "బ్యాటరీలు ఛార్జింగులో పెట్టావా?" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మేలుకునే ఉంది. ఏమన్నారని అడిగింది. చెప్పాను. "పేరూ అడ్రసూ రాయించుకున్నారా?" అంది. రాయించుకున్నారన్నాను. ఇంకేమీ అనకుండా అన్నం వడ్డించింది.

తెనాలిలో అప్పటికి తెల్లారింది. ఫ్యామిలీ గ్రూపు తెరిచి, 2022 ఫిబ్రవరిలో బావ అడిగిన ప్రశ్న దగ్గరికి వెళ్ళి, దానికే జవాబుగా రాశాను. "అప్పుడే అడగాల్సింది బావా. తప్పు నాది." కాసేపటికి అటునుంచి వచ్చింది. "సర్లే గానీ, ఈసారి వచ్చేటప్పుడు ప్రొపెల్లర్లు రెండు జతలు పట్రా."

విడిభాగాలే కదా, వాటికి అడ్డు లేదు. కొని సూట్‌కేసులో పెట్టాను.